సందేహం–సమాధానం: ప్లగిన్ అప్‌డేట్ తరువాత ఆగిపోయిన మెయిళ్లు

ఈ నెల అందిన ఉత్తరాల్లో మూడు ఒకే ఇబ్బందిని మూడు వైపుల నుంచి చెబుతున్నాయి. మూడూ వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే వెబ్‌సైట్లవే కావడం వల్ల, మూడింటిలోనూ కథ ప్లగిన్ (అదనపు పని కోసం వర్డ్‌ప్రెస్‌కు జోడించే చిన్న కార్యక్రమం) అప్‌డేట్‌తోనే మొదలైనందువల్ల, ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, మాకు చీరాలలో చేనేత చీరల దుకాణం ఉంది. నాలుగేళ్లుగా వర్డ్‌ప్రెస్, దానిలో అమ్మకాలు చూసే వూకామర్స్ ప్లగిన్‌లతో నడిచే వెబ్‌సైటు ద్వారా కూడా అమ్ముతున్నాము. మూడు వారాల క్రితం ఒక రాత్రి నాలుగైదు ప్లగిన్లు వాటంతట అవే అప్‌డేట్ అయ్యాయి. మెయిళ్లు పంపే ఎస్‌ఎంటీపీ ప్లగిన్ కూడా వాటిలో ఉంది. ఆ మరునాటి నుంచి కొత్త ఆర్డరు వచ్చిందని తెలిపే మెయిల్ నాకు ఒక్కటీ రాలేదు. సంప్రదింపు ఫారం నింపితే "మీ సందేశం పంపబడింది, ధన్యవాదాలు" అని చూపిస్తుంది గానీ ఆ సందేశం అందదు. పాస్‌వర్డ్ మార్చుకునే మెయిల్ కూడా రావడం లేదు. అయితే ఇద్దరు కొనుగోలుదారులను ఫోనులో అడిగితే, ఆర్డరు మెయిల్ తమకు స్పామ్‌లో కనిపించిందని చెప్పారు. దుకాణం డొమైన్ పేరుతో ఉన్న మా మెయిల్ ఖాతాలు గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఉన్నాయి. హోస్టింగ్ వారు తమ సర్వరులో ఏ లోపమూ లేదంటున్నారు. ఈ ప్లగిన్ తీసేసి ఇంకొకటి పెట్టమంటారా? — చేనేత వస్త్ర వ్యాపారి, చీరాల

సమాధానం: ప్లగిన్ సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందుగా డ్యాష్‌బోర్డులో వూకామర్స్ ఆర్డర్ల జాబితా తెరవండి. మెయిల్ రాకపోయినా ఆర్డరు డేటాబేస్‌లో నమోదవుతుంది కాబట్టి ఈ మూడు వారాల ఆర్డర్లన్నీ అక్కడే ఉంటాయి. డబ్బు చెల్లించి చీర కోసం ఎదురుచూస్తున్నవారికి ఈ రోజే ఫోన్ చేయండి. సంప్రదింపు ఫారం విషయంలో మాత్రం ఇంత ధైర్యం చెప్పలేను. ఎక్కువమంది వాడే కాంటాక్ట్ ఫారం 7 తనకు వచ్చిన సందేశాన్ని ఎక్కడా దాచుకోదు, మెయిల్‌గా పంపి ఊరుకుంటుంది. ఆ మెయిల్ పోతే సందేశమూ పోయినట్టే. అదే రచయిత తయారుచేసిన ఫ్లమింగో అనే తోడు ప్లగిన్‌ను పెట్టుకుంటే, మెయిల్ చేరినా చేరకపోయినా ప్రతి సందేశం డేటాబేస్‌లో నిలుస్తుంది. వ్యాపారం చేసేవారెవరైనా ఖాతాదారుడి మాటను కేవలం మెయిల్ మీద వదిలివేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక అసలు లోపం. మీ ఉత్తరంలో మీరు యథాలాపంగా రాసిన ఒక వాక్యం నాకు చాలా ఉపయోగపడింది: కొనుగోలుదారులకు మెయిల్ స్పామ్‌లోకైనా చేరింది, మీకు మాత్రం అసలే చేరలేదు. అంటే సైటు మెయిళ్లు పంపడం మానలేదు, పంపే దారి మారింది. ఆ దారి ఎలా మారిందో తెలియాలంటే, వర్డ్‌ప్రెస్‌లో ఉత్తరం ఎలా బయలుదేరుతుందో కొంచెం చెప్పుకోవాలి.

ఫారం గానీ, వూకామర్స్ గానీ, పాస్‌వర్డ్ మార్చే పేజీ గానీ స్వయంగా మెయిల్ పంపవు. అన్నీ డబ్ల్యూపీ మెయిల్ అనే ఒకే ఫంక్షన్‌కు తమ ఉత్తరాన్ని అప్పగిస్తాయి. అది పీహెచ్‌పీ మెయిలర్ అనే లైబ్రరీ సాయంతో ఉత్తరాన్ని తయారుచేసి, వేరే ఏర్పాటేదీ లేకపోతే హోస్టింగ్ సర్వరులోనే ఉన్న మెయిల్ కార్యక్రమానికి ఇస్తుంది. ఎస్‌ఎంటీపీ ప్లగిన్ చేసేదల్లా ఈ చివరి అంచెలో జోక్యం చేసుకొని, "హోస్టింగ్ సర్వరుకు కాదు, గూగుల్ సర్వరులో లాగిన్ అయి దానికి ఇవ్వు" అని దారి మళ్లించడమే. ఆ ప్లగిన్ ఆగిపోయినా, అప్‌డేట్‌లో దాని సెట్టింగులు చెరిగిపోయినా, వర్డ్‌ప్రెస్ ఏ ఫిర్యాదూ చేయకుండా పాత దారికి, అంటే హోస్టింగ్ సర్వరుకు, తిరిగి వెళ్లిపోతుంది. ఫారం మీద కనిపించే కృతజ్ఞతా వాక్యానికి అర్థం ఉత్తరాన్ని తదుపరి అంచె తీసుకుందని మాత్రమే. పోస్టు డబ్బాలో వేసిన ఉత్తరం ఇంటికి చేరినట్టు కాదు కదా.

ఇప్పుడు మీ డొమైన్ పరిస్థితి చూడండి. మీ డొమైన్ ఎస్‌పీఎఫ్ రికార్డులో, అంటే ఈ డొమైన్ పేరుతో ఎవరు మెయిల్ పంపవచ్చో చెప్పే డీఎన్‌ఎస్ (ఇంటర్నెట్ చిరునామాల పుస్తకం) పంక్తిలో, గూగుల్ పేరు మాత్రమే ఉండి ఉంటుంది. హోస్టింగ్ సర్వరు నుంచి బయలుదేరిన ఉత్తరం మీద గూగుల్ వేసే డీకిమ్ సంతకమూ, అంటే ఉత్తరం నిజంగా ఈ డొమైన్‌దేనని రుజువు చేసే డిజిటల్ ముద్రా, ఉండదు. అందువల్ల కొనుగోలుదారుల జీమెయిల్ దాన్ని అనుమానించి స్పామ్‌లో పడేసింది. మీకు రాకపోవడానికి కారణం వేరు. హోస్టింగ్ సర్వరు మీ డొమైన్ మెయిళ్లు తన దగ్గరే ఉన్నాయని అనుకుంటూ ఉంటే, మీ చిరునామాకు రాసిన ఉత్తరాన్ని గూగుల్‌కు పంపకుండా తనలోనే బట్వాడా చేయడానికి ప్రయత్నిస్తుంది. అక్కడ ఆ పేరుతో పెట్టె ఉంటే అందులో వేస్తుంది, లేకపోతే అలాంటి వ్యక్తి లేడని 550 కోడ్‌తో తిప్పికొడుతుంది. ఇన్నాళ్లూ ఎస్‌ఎంటీపీ ప్లగిన్ గూగుల్ దారి చూపుతూ ఉండడంతో ఈ తప్పు బయటపడలేదు.

ఇది నా ఊహ మాత్రమే కాకుండా ఉండాలంటే, ఒక కొనుగోలుదారుని స్పామ్‌లో ఉన్న ఆ మెయిల్ తెరిచి, మూడు చుక్కల మెనూలో మూల ప్రతిని చూపే ఎంపికను నొక్కి, వచ్చిన పాఠాన్ని మీకు పంపమనండి. అందులో "రిసీవ్డ్" అని మొదలయ్యే పంక్తులను కింది నుంచి పైకి చదవాలి, ఎందుకంటే ప్రతి సర్వరూ తన ముద్రను పైనే వేస్తుంది. అన్నిటికంటే కింది ముద్ర మీ హోస్టింగ్ సర్వరుదై, గూగుల్ పేరు అవతలి వైపు స్వీకరించిన చోట మాత్రమే కనిపిస్తే నా నిర్ధారణ సరైనదే. ధ్రువీకరణ ఫలితాల పంక్తిలో ఎస్‌పీఎఫ్ తప్పినట్టు కూడా అక్కడే రాసి ఉంటుంది. అలాగే హోస్టింగ్ ఖాతాలోని వెబ్‌మెయిల్‌ను ఒకసారి తెరిచి చూడండి. ఎప్పుడో సృష్టించి మరచిపోయిన పెట్టె ఏదైనా ఉంటే, మీరు పోయాయనుకున్న ఫారం సందేశాలు అందులో పదిలంగా ఉండే అవకాశం ఉంది.

సరిదిద్దేటప్పుడు ఒకసారికి ఒక్క మార్పే చేసి, ప్రతి మార్పు తరువాత ప్లగిన్‌లోని పరీక్ష మెయిల్ సౌకర్యంతో ఒక బయటి చిరునామాకు, ఒక సొంత డొమైన్ చిరునామాకు పంపి చూడండి. మొదట ప్లగిన్ల జాబితాలో ఎస్‌ఎంటీపీ ప్లగిన్ ఇంకా చేతనంగా (యాక్టివ్‌గా) ఉందో లేదో చూడండి, ఎందుకంటే అప్‌డేట్ తరువాత తిరిగి మొదలవడంలో లోపం వస్తే అది ఆగిపోయిన స్థితిలోనే ఉండిపోతుంది. చేతనంగానే ఉంటే, దాని సెట్టింగుల్లో పంపే పద్ధతి గూగుల్‌గానే ఉందా, లేక హోస్టింగ్ సర్వరుకే ఇచ్చే పీహెచ్‌పీ పద్ధతికి మారిపోయిందా అని చూడండి. కొత్త వెర్షన్ తన సెట్టింగులను దాచుకునే తీరు మార్చుకుని, పాతవాటిని చదవలేకపోయినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది.

లాగిన్ వివరాలు మళ్లీ ఇవ్వవలసి వస్తే ఒక జాగ్రత్త. మీ మామూలు గూగుల్ పాస్‌వర్డ్ ఇందుకు పనికిరాదు. పేరు, పాస్‌వర్డ్ మాత్రమే ఇచ్చి బయటి కార్యక్రమాలు ప్రవేశించే పద్ధతిని గూగుల్ వ్యక్తిగత ఖాతాలకు 2022 మే 30 నుంచి ఆపడం మొదలుపెట్టింది. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, ఈ ప్లగిన్ కోసమే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి, లేదా ప్లగిన్ చూపే గూగుల్ అనుమతి పద్ధతిని వాడాలి. పోర్టు, అంటే సర్వరును చేరే ద్వారం సంఖ్య, 587 అయితే గుప్తీకరణ స్థానంలో స్టార్ట్ టీఎల్‌ఎస్, 465 అయితే మొదటి నుంచే గుప్తీకరించే పద్ధతి ఎంచుకోవాలి. ఈ జతలను కలగాపులగం చేస్తే సంభాషణ మొదలుకాదు. పరీక్ష మెయిల్ 535 అని తిరిగివస్తే లాగిన్ వివరాలు తప్పు. ఏ కోడూ లేకుండా చాలాసేపు ఎదురుచూసి విఫలమైతే, హోస్టింగ్ వారు ఆ పోర్టును మూసి ఉంచారో లేదో అడగండి. సర్వరులో లోపం ఉందా అని అడిగితే లేదనే చెబుతారు, "మీ సర్వరు నుంచి 587కు బయటికి వెళ్లే దారి తెరిచి ఉందా" అని అడిగితే సూటిగా జవాబు వస్తుంది.

ఆ తరువాత హోస్టింగ్ ఖాతాను నడిపే సీప్యానెల్ పేజీలో ఇమెయిల్ రూటింగ్ అనే చోటికి వెళ్లి, మీ డొమైన్‌ను స్థానికం నుంచి రిమోట్‌కు మార్చండి. రేపు ప్లగిన్ మళ్లీ ఆగినా, మీ చిరునామాకు వచ్చిన ఉత్తరం కనీసం గూగుల్ గుమ్మం దాకా వెళ్తుంది.

ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే వర్డ్‌ప్రెస్ లోపాల చిట్టా తెరవాలి. కాన్ఫిగ్ ఫైలులో డీబగ్, డీబగ్ లాగ్ అనే రెండు అమరికలను సక్రియం చేస్తే, కంటెంట్ ఫోల్డరులో ఒక చిట్టా ఫైలు తయారవుతుంది. అందులో పీహెచ్‌పీ మెయిలర్ పేరు ఎక్కడ వస్తుందో వెతకండి. 2020 ఆగస్టులో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.5లో ఆ లైబ్రరీ 5.2 నుంచి 6వ తరానికి మారి, దాని ఫైళ్లు కొత్త ఫోల్డరులోకి వెళ్లాయి. పాత చోటునే వెతికే పాత ప్లగిన్లు, థీములు సైట్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. పని కాగానే డీబగ్ ఆపి, ఆ చిట్టాను తొలగించడం మరవకండి. అది బయటివారు బ్రౌజరులో తెరవగల చోట ఉంటుంది. మెయిల్ ప్లగిన్ చిట్టా అయితే మరీ ప్రమాదం, ఎందుకంటే అందులో పాస్‌వర్డ్ మార్చే లింకులు కూడా ఉంటాయి. 2020 డిసెంబరులో ఒక ప్రసిద్ధ ఎస్‌ఎంటీపీ ప్లగిన్ చిట్టాను అలాగే తెరిచి, అందులోని లింకులతో నిర్వాహకుల పాస్‌వర్డ్‌లు మార్చి, దుండగులు సైట్లలోకి చొరబడ్డారు.

మీరడిగిన చివరి మాటకు జవాబు: ఇంకొక ప్లగిన్ పెట్టవద్దు. తప్పు అప్‌డేట్‌దే అని తేలితే, వర్డ్‌ప్రెస్ ప్లగిన్ల అధికారిక పేజీలో అడ్వాన్స్‌డ్ వ్యూ కింద పాత వెర్షన్లు దొరుకుతాయి. సైటు ప్రతి తీసి పెట్టుకుని, వెనకటి వెర్షన్‌కు వెళ్లవచ్చు. కానీ మార్పుల పట్టికలో భద్రతా సవరణ అని రాసి ఉంటే పాతదానిలో ఒక్క రోజు కూడా ఉండవద్దు. ప్లగిన్లు వాటంతట అవే అప్‌డేట్ అయ్యే సౌకర్యాన్ని ఒక్కొక్కదానికి విడిగా ఆపవచ్చు. మెయిల్ ప్లగిన్‌కు మాత్రం ఆపి, వారానికొకసారి మీరే అప్‌డేట్ చేసి, వెంటనే పరీక్ష మెయిల్ పంపుకోండి. 2024 జూలైలో వచ్చిన 6.6 వెర్షన్ నుంచి, ఆటోమేటిక్ అప్‌డేట్ సైటును కూల్చివేస్తే వర్డ్‌ప్రెస్ తానే పాత ప్లగిన్‌ను తిరిగి పెడుతుంది. అయితే మెయిల్ దారి మారడం దాని దృష్టిలో కూలడం కాదు కాబట్టి ఆ రక్షణ మీలాంటి వారికి అక్కరకు రాదు.

ప్రశ్న: సార్, కరీంనగర్‌లో ఒక ప్రైవేటు పాఠశాల వెబ్‌సైటు పని కూడా నేనే చూస్తాను. ఎస్‌ఎంటీపీ ప్లగిన్ అప్‌డేట్ అయిన తరువాత ప్రవేశాల ఫారం నుంచి కొందరు తల్లిదండ్రుల సందేశాలు వస్తున్నాయి, కొందరివి రావడం లేదు. యాహూ చిరునామా ఇచ్చినవారివి ఒక్కటీ రావడం లేదని గమనించాను. సరిచేద్దామని రెండో ఎస్‌ఎంటీపీ ప్లగిన్ పెట్టి, దాని సూచన ప్రకారం ఇంకొక ఎస్‌పీఎఫ్ రికార్డు కూడా చేర్చాను. ఇప్పుడు అందరి సందేశాలూ అప్పుడప్పుడు స్పామ్‌లో పడుతున్నాయి. — పాఠశాల ఉద్యోగి, కరీంనగర్

సమాధానం: యాహూ చిరునామాల విషయం గమనించి రాసినందుకు అభినందనలు. జవాబు అందులోనే ఉంది. మీ ఫారం తల్లిదండ్రులు నింపిన చిరునామానే "పంపినవారు" అనే చోట పెడుతోంది. అంటే మీ పాఠశాల సర్వరు యాహూ డొమైన్ పేరుతో ఉత్తరం రాస్తోంది. తన పేరుతో, తన ధ్రువీకరణ లేకుండా వచ్చే ఉత్తరాలను తిరస్కరించాలని యాహూ 2014 ఏప్రిల్‌లోనే డీమార్క్ (తన పేరుతో వచ్చే నకిలీ ఉత్తరాలను ఏం చేయాలో డొమైన్ చెప్పే రికార్డు) ద్వారా ప్రపంచానికి చాటింది. స్వీకరించే సర్వరు ఆ మాటను పాటిస్తోంది, అంతే. అప్‌డేట్‌కు ముందు ఇది ఎందుకు సాగిందంటే, పంపినవారి చిరునామాను బలవంతంగా ఒకే చిరునామాకు మార్చే ఎంపిక చాలా ఎస్‌ఎంటీపీ ప్లగిన్లలో ఉంటుంది. అది ఇన్నాళ్లూ మీ ఫారంలోని తప్పును కప్పి ఉంచి, అప్‌డేట్‌లో తొలగిపోయి ఉంటుంది. ఆ ఎంపికను తిరిగి పెట్టుకోండి గానీ, దానితో ఆగకండి. ఫారంలోనే పంపినవారి స్థానంలో పాఠశాల డొమైన్ చిరునామా పెట్టి, తల్లిదండ్రుల చిరునామాను "రిప్లై టు" స్థానానికి మార్చండి. మీరు జవాబు నొక్కినప్పుడు అది వారికే వెళ్తుంది.

రెండో ప్లగిన్‌ను ఈ రోజే తీసివేయండి. డబ్ల్యూపీ మెయిల్ ఫంక్షన్‌ను ఏ ప్లగిన్ ముందుగా నిర్వచిస్తే దానిదే చెల్లుతుంది, మరికొన్ని ప్లగిన్లు నిర్వచించకుండా చివరి క్షణంలో అమరికలు మారుస్తాయి. ఈ రెండూ ఒకే సైటులో ఉంటే, సగం అమరికలు ఒకదానివి, సగం మరొకదానివి అయిన ఉత్తరాలు బయలుదేరే ప్రమాదం ఉంది. ఎస్‌పీఎఫ్ రికార్డులు రెండు ఉండడం అంతకంటే పెద్ద తప్పు. ఒక డొమైన్‌కు ఒకే ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండాలి. రెండు కనిపిస్తే స్వీకరించేవారు దాన్ని శాశ్వత దోషంగా లెక్కించి, రెండింటినీ పట్టించుకోరు. మీ రెండు సేవల పేర్లనూ ఒకే పంక్తిలో కలిపి, మిగిలినదాన్ని తొలగించండి. ఆ పంక్తిని పరీక్షించడానికి డీఎన్‌ఎస్‌ను పదిసార్లకు మించి అడగవలసి వస్తే కూడా దోషమే కాబట్టి, ఎప్పుడో వాడి మానేసిన సేవల పేర్లను అందులో నుంచి తీసివేయండి. జీమెయిల్‌కు ఎవరు మెయిల్ పంపినా ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాలని, రోజుకు 5,000కు మించి పంపేవారికి ఆ రెండూ, డీమార్కూ ఉండాలని 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ నియమం పెట్టింది. పాఠశాల అంత పెద్ద ఎత్తున పంపకపోయినా మూడూ పెట్టుకోమనే నా సలహా.

ప్రశ్న: నమస్కారమండీ. న్యూజెర్సీలో మా తెలుగు సంఘం మెయిళ్లు పంపే బాధ్యత నాది. వార్తాలేఖల ప్లగిన్ అప్‌డేట్ చేసిన తరువాత, "ఉగాది వేడుకలకు ఆహ్వానం" అని విషయపంక్తి పెట్టి పంపితే, "ఆ" వరకు సరిగ్గా వచ్చి, ఆ పక్కన నల్ల వజ్రంలో ప్రశ్నార్థకాలు కనిపించాయి. "సభ్యత్వ రుసుము" అని పంపినది మాత్రం చక్కగా వచ్చింది. లోపల పాఠమంతా బాగానే ఉంది. మా పెద్దవాళ్లు తెలుగులోనే పంపమంటారు. — సంఘ సభ్యురాలు, న్యూజెర్సీ

సమాధానం: నమస్కారమమ్మా. సరిగ్గా ఏ అక్షరం దగ్గర చెడిందో రాశారు కాబట్టి కాగితం మీదే లెక్క వేసి చూడగలిగాను. మెయిల్ విషయపంక్తి పాత నియమాల ప్రకారం ఇంగ్లీషు అక్షరాలనే మోస్తుంది కాబట్టి, తెలుగును బేస్ 64 అనే రూపంలోకి మార్చి పంపుతారు. అలా మార్చిన ఒక్కొక్క ముక్క, తన గుర్తులతో సహా, 75 అక్షరాలకు మించకూడదు. గుర్తులు పోగా అందులో 45 బైట్లు పడతాయి. యూనికోడ్ యూటీఎఫ్ 8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న, ప్రతిదీ 3 బైట్లు, ఖాళీ మాత్రం ఒక్క బైటు.

ఇప్పుడు మీ పంక్తిని లెక్కించండి. "ఉగాది"కి 15, ఖాళీకి 1, "వేడుకలకు"కు 24, మళ్లీ ఖాళీకి 1, "ఆ"కు 3. మొత్తం 44 బైట్లు. ఇక మిగిలినది ఒక్క బైటు. "హ"కు మూడు కావాలి. అక్షరాన్ని మధ్యలో తెంపకూడదని ప్రమాణం స్పష్టంగా చెబుతుంది కాబట్టి, "హ"ను మొత్తంగా రెండో ముక్కలోకి నెట్టాలి. మీ ప్లగిన్ కొత్త వెర్షన్ ఆ పని చేయకుండా, ఒక బైటును ఇటు, రెండు బైట్లను అటు పెట్టి "హ"ను చీల్చివేసింది. "సభ్యత్వ రుసుము" మొత్తం 40 బైట్లే కాబట్టి ఒకే ముక్కలో ఇమిడిపోయింది.

వర్డ్‌ప్రెస్‌తో వచ్చే పీహెచ్‌పీ మెయిలర్ లైబ్రరీ ఇలాంటి అక్షరాలను చీల్చకుండా చూసుకుంటుంది. కాబట్టి అదే విషయపంక్తిని మీ ఎస్‌ఎంటీపీ ప్లగిన్ పరీక్ష మెయిల్‌తో గానీ, విషయపంక్తి మార్చిన సంప్రదింపు ఫారంతో గానీ పంపి చూడండి. అది సరిగ్గా వస్తే తప్పు వార్తాలేఖల ప్లగిన్‌దే. దాన్ని తయారుచేసినవారికి "తెలుగు రావడం లేదు" అని కాకుండా, పై లెక్కతో సహా, 45వ బైటు దగ్గర అక్షరం తెగుతోందని రాసి, చెడిన మెయిల్ మూల ప్రతిని జతచేయండి. తెలుగు చదవడం రానివారికి కూడా ఆ లెక్క అర్థమవుతుంది, తమిళం, హిందీ వాడేవారికి కూడా అదే సవరణ మేలు చేస్తుంది, ఎందుకంటే ఆ లిపుల అక్షరాలూ మూడేసి బైట్లే.

ఒక తేడా గుర్తుపెట్టుకోండి. పంక్తి మొత్తం మామూలు ప్రశ్నార్థకాలుగా వస్తే, ఆ అక్షరాలు పంపకముందే డేటాబేస్‌లోనో మార్పిడిలోనో పోయాయని అర్థం. తల మీద గీత ఉన్న లాటిన్ అక్షరాలు, డిగ్రీ గుర్తులు, ప్లస్‌మైనస్ గుర్తులు వరుసగా కనిపిస్తే, తెలుగు బైట్లు పదిలంగానే ఉన్నాయి గానీ వాటిని లాటిన్‌గా చదువుతున్నారని అర్థం. అక్కడ చూడవలసినది ప్లగిన్‌లోని అక్షర సంకేతం అమరిక. మీకు వచ్చినది ఈ రెండూ కాదు.

సవరణ వచ్చేదాకా విషయపంక్తిని ఖాళీలు కలుపుకుని 45 బైట్ల లోపు ఉంచండి. "ఉగాది ఆహ్వానం" అంటే ఖాళీతో కలిపి 37 బైట్లే అవుతాయి. వేడుకల వివరాలు లోపలి పాఠంలో ఎంత పొడవుగానైనా రాసుకోవచ్చు.